ఉప్పు మడి గట్టు మీద తరచూ వినిపించే అపోహలు – అసలు వాస్తవాలు

మడుల్లో ఉప్పునీటి చిక్కదనం కొలవడం నా పని. చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగేవీ, వాదించేవీ దాదాపు ఇవే.

అపోహ: సముద్రపు నీళ్లు ఎండబెడితే మిగిలేదంతా తినే ఉప్పే.

అలాగైతే ఇన్ని మడులు ఎందుకు, ఒక్క చెరువు చాలు కదా! లీటరు సముద్రపు నీటిలో లవణాలు సుమారు 35 గ్రాములు. మనం తినే ఉప్పు అందులో 27 గ్రాములకు అటూ ఇటూ. మిగతావి ఎక్కువగా మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. ఇవన్నీ ఒకే చిక్కదనం దగ్గర గడ్డకట్టవు, మా పనంతా ఆ తేడా మీదే నడుస్తుంది. నీరు సుమారు 3 బామే డిగ్రీలతో (బామే అంటే ఉప్పునీటి చిక్కదనానికి కొలత) లోపలికొస్తుంది. మడి నుంచి మడికి మారుతూ 15 దగ్గరికొచ్చేసరికి జిప్సం అనే కాల్షియం లవణం అడుగున పెళుసు పొరగా పేరుకుంటుంది, కాలు పెడితే కరకరమంటుంది. 25 దగ్గర, అంటే మొదటి నీటిలో పదో వంతు మిగిలేసరికి, ఉప్పు కట్టడం మొదలవుతుంది. ముందు నీటిపైన సన్నటి పలకలు తేలతాయి, బరువెక్కాక మునుగుతాయి. 29 దాటకముందే మిగిలిన నీటిని బయటికి వదిలేయాలి. కక్కుర్తిపడి దాన్నీ ఎండబెడితే ఉప్పు చేదెక్కుతుంది.

అపోహ: నీరు చిక్కబడేకొద్దీ త్వరగా ఆరిపోతుంది.

జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఉప్పు తాను ఆవిరి కాదు, నీటినీ తేలిగ్గా పోనివ్వదు. ఇక కరగనంత ఉప్పున్న నీటి ఆవిరి పీడనం, అంటే ఆవిరై పైకి పోయే ఒత్తిడి, మంచినీటి దాంట్లో 75 శాతమే. అందుకే గాలిలో తేమ అంతకు మించిన రాత్రి మడి ఎండకపోగా ఎదురు తేమ తాగుతుంది. ఆంధ్ర తీరంలో ఉప్పు మడులున్న నౌపడాలోనైనా చినగంజాంలోనైనా ఉప్పు రైతుకి కావలసింది ఎండ ఒక్కటే కాదు, పొడి గాలి కూడా.

అపోహ: డబ్బాలో ఉప్పు నీరు కారిందంటే కల్తీ.

తేమ 75 శాతం దాటితే స్వచ్ఛమైన ఉప్పు కూడా చెమ్మగిల్లుతుంది. ఉప్పును చేదెక్కించే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. కాబట్టి కల్లుప్పు మామూలు రోజుల్లోనూ తడిసి ముద్దవుతుంటే అది పోయేలా సరిగా కడగలేదని నా అనుమానం. కడగడమంటే మంచినీళ్లతో కాదండీ, కరిగిపోతుంది! చిక్కటి ఉప్పునీటితోనే కడగాలి.

అపోహ: బాగా వడగడితే ఉప్పదనం పోతుంది.

బురద పోతుంది, అంతే. కరిగిన ఉప్పు గుడ్డలోంచీ ఇసుకలోంచీ నీటితోపాటే దిగిపోతుంది. ఆర్వో పొర ఆపగలదు గానీ, సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం, అంటే నీటిని పొర దాటనివ్వకుండా వెనక్కి లాగే ఒత్తిడి, వాతావరణ పీడనానికి పాతిక రెట్లకు పైనే, దాన్ని మించి నొక్కాలి. ఇంట్లో ఆర్వో మోటారుకి అంత దమ్ము లేదు.

అపోహ: ఉప్పేస్తే నీళ్లు బాగా వేడెక్కి పప్పు త్వరగా ఉడుకుతుంది.

లీటరుకి 5 గ్రాముల చెంచాడు వేస్తే మరిగే వేడి డిగ్రీలో పదో వంతు కూడా పెరగదు. ఇక కరగనంత వేసినా 109 డిగ్రీల దగ్గర ఆగుతుంది, ఆ పప్పు మీరే తినాలి. కుక్కరైతే 120 దాకా తీసుకెళ్తుంది.