ఇంద్రుడు సాక్షిగా ఉన్నది ఏ సంధిలో? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు చరిత్ర చెబుతుంటాను. బ్యాచ్ మారినా ఒక తప్పు మాత్రం మారడం లేదు. ఈజిప్టు, హిట్టైట్ (ఇప్పటి తుర్కియే ప్రాంతాన్ని ఏలినవాళ్లు) సామ్రాజ్యాల యుద్ధాన్ని ముగించిన సంధిలో మన వేద దేవతల పేర్లు ఉన్నాయట. ఎవరో వీడియోలో చెప్పారు, వాట్సాప్‌లో తిరిగింది, నోట్సులోకి ఎక్కింది. సరిచూసుకోకుండా ఇలాంటివి పంచేవాళ్లకు పోయేదేమీ లేదు. మార్కు పోయేది పిల్లలకు.

అపోహ: ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ హిట్టైట్లతో చేసుకున్న సంధికి ఇంద్రుడు, వరుణుడు సాక్షులు.

వాస్తవం: కాదు. ఆ పేర్లున్నది హిట్టైట్ రాజు సుప్పిలులియుమా, మితాన్ని (ఉత్తర సిరియా ప్రాంతపు రాజ్యం) రాజు షత్తివాజాల మధ్య క్రీ.పూ. 14వ శతాబ్దంలో జరిగిన ఒప్పందంలో. మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యులు అక్కడ మితాన్ని వైపు సాక్షులు. నాసత్యులంటే అశ్వినీ దేవతలే. రామ్సెస్‌తో సంధి చేసుకున్న మూడో హత్తుసిలి ఈ సుప్పిలులియుమాకు మనవడు. ఆ సంధి సుమారు క్రీ.పూ. 1259 నాటిది. దానికి సాక్షులు హత్తి దేశపు, అంటే హిట్టైట్ల, వెయ్యిమంది దేవతలు, ఈజిప్టు దేశపు వెయ్యిమంది దేవతలు.

ఇంత గందరగోళం ఎందుకంటే, రెండింటి మట్టి పలకలూ హిట్టైట్ల రాజధాని హత్తుసాలోనే దొరికాయి. ఇప్పటి తుర్కియేలోని బొఘజ్‌కోయ్ అదే. మన పుస్తకాల్లో ‘బొఘజ్‌కోయ్ శాసనం’ అన్నప్పుడు మితాన్ని ఒప్పందాన్నే ఉద్దేశిస్తారు. పానగల్లు మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు పిల్లలకు ఇదే చూపిస్తాను. ఒకే ఆవరణలో ఉన్నంత మాత్రాన ఆ రాళ్లన్నీ ఒకే రాజువి, ఒకే కాలానివి అయిపోవు కదా.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. షత్తివాజాను గద్దెనెక్కించి, తన కూతురినిచ్చి, చెప్పుచేతల్లో పెట్టుకున్నాడు సుప్పిలులియుమా. అది పెద్దరాజు, సామంతుల వ్యవహారం. రామ్సెస్, హత్తుసిలి మాత్రం ఒకరినొకరు సోదరులుగా చెప్పుకున్న సమానులు. ప్రశ్నలో ఏ రాజు పేరుందో చూడండి, చాలు.

ఒకసారి పరీక్ష ముందురోజు రాత్రి దేవరకొండ వైపు అమ్మాయి ఫోన్ చేసింది. “మేడమ్, నా నోట్సంతా తప్పేనా?” అని ఒకటే ఏడుపు. “ఒక్క లైన్ కొట్టేసి పడుకో బిడ్డా, మిగతాది బాగానే ఉంది” అన్నాను. మీరు కూడా అంతే, టెన్షన్ పడి పుస్తకాలన్నీ మళ్లీ మొదలుపెట్టకండి.

ఇక మిగిలినవి. సిరియాలోని కదేశ్ దగ్గర ఈజిప్టు, హిట్టైట్లు తలపడ్డ యుద్ధం ముగియగానే సంధి కుదరలేదు. యుద్ధం క్రీ.పూ. 1274లో, అప్పటి హిట్టైట్ రాజు మువత్తల్లితో. సంధికి మరో పదిహేనేళ్లు పట్టింది. రామ్సెస్ గుడి గోడల మీద గెలిచానని చెక్కించుకున్నా కదేశ్ హిట్టైట్ల చేతిలోనే ఉండిపోయింది. హత్తుసిలి అన్న కొడుకును దించి రాజైనవాడు, ఆ కుర్రవాడేమో ఈజిప్టుకు పారిపోయాడు. తూర్పున అస్సీరియా బలపడుతోంది. సంధి అవసరం అక్కడినుంచి వచ్చింది.

ప్రపంచంలో మొదటి సంధి ఇదేనా? కాదు, సుమేరులో (ఇప్పటి దక్షిణ ఇరాక్) లగాష్, ఉమ్మా నగరాల ఒప్పందం ఇంకా ఎంతో పాతది. రెండు పక్షాల ప్రతులూ దొరికిన సంధుల్లో మాత్రం ఇదే పాతది. ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో ఉన్నది అసలు పలక కాదు, తుర్కియే ఇచ్చిన నకలు. సంధిని మొదట చెక్కిన వెండి పలకలు దొరకనే లేదు, దొరికిన మట్టి పలకలూ ప్రతులే. హిట్టైట్ రాకుమారితో రామ్సెస్ పెళ్లి కూడా సంధి షరతు కాదు, అది పదమూడేళ్ల తర్వాతి మాట.

ఈ సంధిలో నాకు ఎంతో ఇష్టమైన షరతు ఒకటుంది. పారిపోయి వచ్చినవాళ్లను తిప్పి పంపాలి, కానీ వాళ్లను శిక్షించకూడదు. ఇల్లు, భార్యాబిడ్డల జోలికి పోకూడదు, కళ్లకు, కాళ్లకు హాని చేయకూడదు. మెయిన్స్‌లో దీని గురించి రాయాల్సి వస్తే రథాల యుద్ధ వర్ణన తగ్గించి, ఈ షరతుకు రెండు వాక్యాలు కేటాయించండి.