యాప్‌లు పెంచిన పని, ఏఐ తగ్గించగల పని

టీచర్లకు ఏ ఏఐ మేలన్న చర్చ ఇప్పుడు స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల టీచర్లు కలిసే) సమావేశాల దాకా వచ్చింది. పేర్ల జాబితా ముందేసుకునే కంటే, టీచర్ల మీద రాతపని భారం ఎలా పేరుకుందో ముందు తెలుసుకోవాలి. తెలుగు రాష్ట్రాల సర్కారు బడుల్లో టీచరు నెత్తిన పడ్డ రాతపనిలో చాలా భాగం, పని సులువు చేస్తామంటూ వచ్చిన ఏర్పాట్ల వెంటే వచ్చింది.

1990ల మధ్యలో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ)తో పాటు, బడుల లెక్కలు సేకరించే డైస్ మొదలైనప్పుడు, సెప్టెంబరు 30 నాటి లెక్కలతో హెచ్ఎం ఏడాదికోసారి ఫారం నింపితే సరిపోయేది. 2012-13లో ప్రాథమిక, సెకండరీ లెక్కలు కలిసి యూడైస్ అయింది. 2018-19లో యూడైస్ ప్లస్‌గా ఆన్‌లైన్‌కు మారింది. 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరాలూ విడివిడిగా ఎక్కించాల్సి వస్తోంది. ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా సరిపోల్చడం కుదరదు. అప్పుడు తల్లిదండ్రులకు కబురు పెట్టడం, ఆధార్ కేంద్రానికి పంపడం, మళ్లీ ఎక్కించడం అన్నీ క్లాస్ టీచరు పనే.

రెండో వైపు నుంచి మూల్యాంకనం వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమంది. ఉద్దేశం మంచిదే, చిక్కంతా లెక్కల్లోనే. 50 మార్కుల ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 10, రాత అంశాలకు 10, ప్రాజెక్టు పనికి 10, స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షకు 20. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది ఉన్న గణితం టీచరు ఒక్క ఎఫ్ఏకే 640 మార్కులు వేయాలి. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలంటే 2,560. అవే అంకెలు రిజిస్టర్‌లో, ప్రోగ్రెస్ కార్డులో, ఆన్‌లైన్‌లో మళ్లీ మళ్లీ రాయాలి.

దీనికి నిజమైన ఊరట టీచర్లే తయారుచేసి ఒకరికొకరు పంచుకున్న ఎక్సెల్ ఫైళ్లతో దొరికింది. మార్కు ఒకసారి కొడితే మొత్తం, గ్రేడు, ప్రోగ్రెస్ కార్డు వాటంతటవే వచ్చేస్తాయి. లాగిన్ లేదు, నెట్ అక్కర్లేదు. ఏఐని ఎంచుకునేటప్పుడు కూడా మా కొలబద్ద ఇదే. ఒకసారి రాసింది మళ్లీ రాయనక్కర్లేకుండా చేయాలి.

తర్వాత వచ్చిన యాప్‌లు ఈ కొలతకు నిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో భోజనానికీ మరుగుదొడ్లకూ ఫొటోలు పెట్టాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు కూడా టీచర్ల సొంత ఫోన్లలోనే మొదలుపెట్టారు, సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. తెలంగాణలో అలాంటి హాజరు 2025 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ చెల్లాచెదురుగా ఉన్న యాప్‌లను లీప్ పేరుతో ఒకచోటికి తెచ్చింది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర విద్యేతర పనులు టీచర్లకు అప్పగించవద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. యాప్‌లో ఎంట్రీని మాత్రం ఎవరూ ఆ లెక్కలో చూడరు, అదే అన్యాయం.

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది ఈ పరిస్థితుల మధ్యే. ప్రభుత్వ పోర్టల్‌లో ఎంట్రీని చాట్ పరికరాలు తగ్గించలేవు, అటు వైపు వాటికి తలుపు లేదు. అవి పనికొచ్చేది పీరియడ్ ప్లాన్, ప్రశ్నపత్రం, వర్క్‌షీట్, తల్లిదండ్రులకు రాసే నోటీసు వంటి వాటికే. ఇంగ్లండ్‌లో 68 సెకండరీ పాఠశాలల సైన్స్ టీచర్లతో చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. పాఠ ప్రణాళికకు చాట్‌జీపీటీ వాడనివారికి వారానికి 81.5 నిమిషాలు పడితే, దాన్ని ఒక మార్గదర్శినితో కలిపి వాడినవారికి 56.2 నిమిషాలే పట్టింది. అంటే మిగిలింది 25 నిమిషాలు. తక్కువేం కాదు, కానీ అంతకు మించి మాటిచ్చే కంపెనీని నమ్మకండి. కర్ణాటకలో శిక్షణ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 2023లో పరీక్షించిన శిక్షా కోపైలట్ ఇంకో దారి పట్టింది. రాష్ట్ర పాఠ్యపుస్తకాన్నే ఆధారం చేసుకుని ప్లాన్ ఇస్తుంది. మనకు కావలసింది ఆ రకమే.

తెలుగు మీడియంలో మొదటి దెబ్బ ఫాంటు దగ్గర తగులుతుంది. పాత ప్రశ్నపత్రాలూ, చాలా పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లూ అనూ వంటి ఫాంట్లలో ఉంటాయి. తెర మీద తెలుగే కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నవి యూనికోడ్ అక్షరాలు కావు. కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ పీడీఎఫ్‌నే అప్‌లోడ్ చేస్తే కొన్ని పరికరాలు పాఠాన్ని చదవలేక, శీర్షికను బట్టి సొంతంగా అల్లేస్తాయి. అందుకే పరీక్ష ఇలా పెట్టండి. పాఠంలో ఒక పేజీ ఇచ్చి, ఆ పేజీలోనే ఉన్న ఉదాహరణను, అంకెలతో సహా, తిరిగి రాయమనండి. అంకె మారితే ఆ పీడీఎఫ్ దానికి అందలేదని అర్థం. పేజీని ఫొటో తీసి ఇవ్వండి, లేదా అనూ నుంచి యూనికోడ్‌కు మార్చి ఇచ్చి, ఒత్తులు సరిచూడండి. తర్వాత అదే పాఠం మీద పది బహుళైచ్ఛిక ప్రశ్నలు అడగండి. భౌతికశాస్త్రంలో వడి, వేగం కలిపేస్తుందా? రెండు జవాబులు సరైనవయ్యే ప్రశ్నలున్నాయా? పదింటిలో మూడు దిద్దాల్సి వస్తే, మీరే రాసుకోవడం త్వరగా అవుతుంది.

జవాబు పత్రాలు దిద్దడానికి మాత్రం ఇప్పుడే దిగొద్దు. 40 మంది, నాలుగేసి పేజీలంటే 160 ఫొటోలు. స్లిప్ టెస్టు ఈలోగా ఎర్ర పెన్నుతో దిద్దడం అయిపోతుంది. పైగా పిల్లల చేతిరాతలో తలకట్టు, గుడి కలిసిపోతే యంత్రం తప్పు చదివి మార్కు కోస్తుంది.

పిల్లల పేర్లు, ఆధార్, ఫొటోలు ఏ పరికరంలోనూ పెట్టకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారంతా పిల్లలే, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మార్కుల విశ్లేషణకు రోల్ నంబరు చాలు.

డబ్బు కట్టేముందు ఇంకొకటి తేల్చుకోవాలి. తనిఖీకి వచ్చినవారు చేత్తో రాసిన పీరియడ్ ప్లానే చూపమంటే, మిగిలిన 25 నిమిషాలూ ప్రింటును నోట్‌బుక్‌లోకి ఎక్కించడానికే పోతాయి. టైపు చేసిన ప్లాన్ చాలునని హెచ్ఎం, ఎంఈవోల దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే చందా కట్టండి.