పామాయిల్ వెనక కాలిన అడవి

ఆయిల్‌పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848లో డచ్చివాళ్లు ఇప్పటి ఇండోనేసియాలో ఉన్న జావా దీవిలోని బోగోర్ ఉద్యానంలో నాలుగు మొక్కలు నాటారు. చాన్నాళ్లు అవి అందం కోసం పెంచే చెట్లే. 1911లో పక్కనున్న సుమత్రా దీవిలో మొదటి వాణిజ్య తోట వేసింది వాటి సంతతితోనే.

మలేసియా తోటల్లో పుప్పొడిని కూలీలే ఆడపూల మీద చల్లాల్సి వచ్చేది. 1981లో కామెరూన్ నుంచి తెచ్చిన చిన్న ముక్కుపురుగును అక్కడ వదిలారు. ఆ పని అది చేసిపెట్టింది, ఖర్చు తగ్గింది. ఇంత మార్పు తెచ్చిన పురుగు గురించి చెప్పుకునేవాళ్లే తక్కువ.

ఇండోనేసియా అడవులు పోవడానికి ఈ తోటలే కారణమంటారు. అయితే తప్పంతా వాటిదే అనలేం. అక్కడ అధ్యక్షుడు సుహార్తో హయాంలో అడవులు ముందు కలప కంపెనీల చేతికి వెళ్లాయి. పెద్ద మానులు పోయాక మిగిలినదాన్ని 'పాడైన అడవి' అనేసి తోటలకు ఇవ్వడం తేలికైంది. 1996లో బోర్నియో దీవిలోని మధ్య కాలిమంతన్‌లో వరి పండిస్తామంటూ సుమారు 10 లక్షల హెక్టార్ల పథకం పెట్టి, పీట్ నేలల్లో కాలవలు తవ్వారు. పీట్ అంటే నీళ్లలో నానుతూ వేల ఏళ్లుగా పేరుకున్న ఆకూ కొమ్మా. నీరు తీసేస్తే అది ఎండుపిడకే. వరి పండలేదు. మరుసటి ఏడాది అక్కడ వానలు ఎగ్గొట్టే ఎల్‌నినో వచ్చింది, నేల నెలల తరబడి రగిలింది. భూమి చదును చేయడానికి నిప్పే చవక కాబట్టి 2015లో మళ్లీ అదే కథ: 26 లక్షల హెక్టార్లు కాలాయి, ప్రపంచ బ్యాంకు లెక్కన నష్టం 1,600 కోట్ల డాలర్లు. పొగ సింగపూర్‌ను కూడా వదల్లేదు.

కొనేవాళ్లలో మనమే ముందున్నాం. 1994లో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు తెరిచాక బజ్జీల బండి నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా ఈ నూనే. పోనీ మానేద్దామా? హెక్టారుకు 3–4 టన్నుల నూనె ఇచ్చే పంట ఇది. సోయా ఇచ్చేది అర టన్ను. అంటే ఇంకా ఎక్కువ భూమి కావాలి.

2016 తర్వాత కొన్నేళ్లు ఇండోనేసియాలో అడవి నరకడం బాగా తగ్గింది. కొత్త తోటలపై 2018లో పెట్టిన నిషేధం గడువు 2021లో ముగిసింది. అదే ఏడాది ఆగస్టులో మన కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. ఏలూరు దగ్గర, అశ్వారావుపేటలో తోటలు ఎక్కువగా సాగుభూముల్లోనే వచ్చాయి, అక్కడ గొడవంతా నీటి గురించే. కానీ మిషన్ ప్రత్యేకంగా చూపించిన చోట్లు అడవులు ఎక్కువున్న ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ దీవులు. పర్యావరణవేత్తల టెన్షన్ అంతా వాటి గురించే.