పసుపుగల్లు రాయి, చంద్రుడి రాయి

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగిన సాయంత్రం అందరికీ గుర్తుంది. ఆ తర్వాత పది రోజుల పాటు ప్రజ్ఞాన్ రోవర్ అక్కడ ఏం చేసిందో మాత్రం మన ఊళ్లలో పెద్దగా చర్చకు రాలేదు. అది సుమారు వంద మీటర్లు తిరిగింది. 23 సార్లు ఆగి, తన కింద ఉన్న మట్టిని పరీక్షించింది. ఆ లెక్కలన్నీ ఏడాది తర్వాత, 2024 ఆగస్టులో, ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యాయి. అక్కడి మట్టిలో ఎక్కువ భాగం ఫెర్రోవన్ అనార్థొసైట్ అనే రాయి నలిగి పొడైనదని అందులో తేల్చారు.

అనార్థొసైట్ ప్రకాశం జిల్లాలోనూ ఉంది. అద్దంకి, దర్శి మధ్య ముండ్లమూరు మండలంలో పసుపుగల్లు అనే ఊరుంది. భూగర్భ శాస్త్ర పత్రికల్లో ఆ ఊరి పేరు దశాబ్దాలుగా వస్తోంది, అక్కడి గాబ్రో (మాగ్మా లోతుల్లో గడ్డకట్టిన నల్లరాయి), అనార్థొసైట్ శిలల వల్ల. ఆ మండలంలో పుట్టి పెరిగిన చాలామందికి ఈ సంగతి తెలియదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

అనార్థొసైట్ అంటే దాదాపు ఒకే ఖనిజంతో తయారైన రాయి. నూటికి తొంభై పాళ్లు, అంతకంటే ఎక్కువ కూడా, ప్లాజియోక్లేజ్ ఫెల్స్పార్ ఉంటుంది. తెలుపు నుంచి బూడిద రంగు దాకా కనిపిస్తుంది. పున్నమినాడు చంద్రుడిలో తెల్లగా మెరిసే భాగాలున్నాయి కదా, అవి ఎక్కువగా ఈ రాతి నేలలే. నల్లటి మచ్చలు ఆ తర్వాత ఎప్పుడో పైకి పొంగి గడ్డకట్టిన బసాల్ట్ లావా.

ఒకే ఖనిజం అంత పెద్ద ఎత్తున ఒకచోట ఎలా చేరింది? అపోలో-11 వ్యోమగాములు 1969లో తెచ్చిన మట్టిలో చిన్న చిన్న తెల్లటి రాతి రవ్వలు కనిపించాయి. వాటిని చూసి జాన్ వుడ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక సాహసమైన ఊహ చేశారు. పుట్టిన కొత్తలో, అంటే దాదాపు 450 కోట్ల ఏళ్ల కిందట, చంద్రుడి ఉపరితలం మొత్తం కరిగిన రాతి సముద్రమని అన్నారు. ఆ మాగ్మా సముద్రం చల్లారుతుంటే స్ఫటికాలు ఏర్పడ్డాయి. ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న ఆలివిన్, పైరాక్సిన్ స్ఫటికాలు బరువైనవి, అవి కిందికి దిగాయి. ప్లాజియోక్లేజ్ తేలికది, అది పైకి తేలింది. నెల్లూరు రైతులు నారు పోసే ముందు వడ్లను ఉప్పునీళ్లలో పోస్తారు. తాలు తేలుతుంది, గట్టి గింజ అడుగుకు చేరుతుంది. చంద్రుడి మీద ఈ వేరుపడడం కోట్ల ఏళ్ల పాటు జరిగింది, తేలినదంతా గడ్డకట్టి చంద్రుడి పైపొర అయింది.

ఆ ఊహకు రుజువులు ఒక్కొక్కటిగా దొరుకుతూ వచ్చాయి. అపోలో యాత్రలన్నీ భూమికి ఎదురుగా ఉండే వైపున, చంద్రుడి మధ్యరేఖకు మరీ దూరం కాని చోట్ల దిగాయి. దక్షిణాన 69 డిగ్రీల అక్షాంశం దగ్గర మట్టిని అక్కడికక్కడే పరీక్షించింది మన ప్రజ్ఞానే. అక్కడా అదే రాయి. అంటే మాగ్మా సముద్రం ఒక మూలకు పరిమితమైనది కాదు, చంద్రుడంతా ఉండేదన్న మాటకు బలం చేకూరింది. 2024 జూన్‌లో చైనా చాంగె-6 చంద్రుడి ఆవలి వైపు నుంచి 1,935 గ్రాముల మట్టి, రాళ్లు తెచ్చింది. వాటి మీద వచ్చిన పరిశోధనలూ ఇదే వైపు మొగ్గు చూపుతున్నాయి.

ప్రజ్ఞాన్ పరికరం పనిచేసే తీరు కూడా చెప్పాలి. దాని పేరు ఏపీఎక్స్ఎస్. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో, అంటే పీఆర్ఎల్‌లో తయారైంది. అందులో క్యూరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. దాని నుంచి వెలువడే ఆల్ఫా కణాలు, ఎక్స్ కిరణాలు మట్టిని తాకితే, మట్టిలోని ఒక్కో మూలకం తనకే చెందిన శక్తితో ఎక్స్ కిరణాలను తిరిగి పంపుతుంది. వాటిని బట్టి అల్యూమినియం ఎంత, కాల్షియం ఎంత, ఇనుము ఎంత అని లెక్క కడతారు. పరికరం చేసేది అక్కడి దాకే. ఈ పాళ్లలో ఈ మూలకాలుంటే ఇది ఫలానా రాయి అని చెప్పేది రాళ్ల చదువు. మెగ్నీషియం అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ కనబడితే, దక్షిణ ధ్రువం–ఐట్‌కెన్ అనే మహా బిలం ఏర్పడినప్పుడు లోతుల్లోంచి ఎగసిపడిన రాయి ఇందులో కలిసి ఉండొచ్చని ఊహించింది కూడా ఆ చదువే.

మళ్లీ పసుపుగల్లుకు వద్దాం. అక్కడి రాయీ చంద్రుడి రాయీ అచ్చంగా ఒకటే అని చెబితే తప్పవుతుంది. తేడా ఉంది, నాకైతే పోలిక కంటే ఆ తేడాయే ఎక్కువ ఆసక్తికరం. ప్లాజియోక్లేజ్‌లో కాల్షియం, సోడియం రెండూ ఇమడగలవు. చంద్రుడి ప్లాజియోక్లేజ్ దాదాపు పూర్తిగా కాల్షియం రకం. భూమ్మీది పెద్ద అనార్థొసైట్ శిలల్లో కాల్షియం, సోడియం దాదాపు సగం సగం పంచుకుంటాయి. చంద్రుడు పుట్టినప్పటి విపరీతమైన వేడిలో సోడియం లాంటి తేలిగ్గా ఆవిరయ్యే మూలకాలు చాలావరకు పోయాయి, అందుకే ఈ తేడా. చంద్రయాన్-2 ఆర్బిటర్‌లోని క్లాస్ అనే ఎక్స్ కిరణ పరికరం చంద్రుడి మీద సోడియం ఎక్కడెక్కడ ఎంతుందో పటం గీసింది, 2022లో ఆ ఫలితాలు వచ్చాయి.

పుట్టుక కూడా వేరు. భూమి మీది అనార్థొసైట్ మాగ్మా సముద్రంలో తేలినది కాదు. భూపటలం అడుగున పెద్ద మాగ్మా గదుల్లో ప్లాజియోక్లేజ్ స్ఫటికాలు పోగుపడి, ఆ ముద్ద మెల్లగా పైకి చొచ్చుకొచ్చి గట్టిపడిందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఇలాంటి పెద్ద శిలలు కెనడాలో, నార్వేలో చాలా ఉన్నాయి. విచిత్రమేమిటంటే, అవి చాలావరకు భూమి చరిత్రలో ఒక నడిమి కాలంలోనే పుట్టాయి. అంతకు ముందూ తర్వాతా అంతగా ఎందుకు పుట్టలేదన్నది ఇంకా తేలలేదు. గ్రహాలు ఎలా చల్లారతాయన్న పెద్ద ప్రశ్నలో అదొక ముక్క.

ప్రకాశం జిల్లా నేల ఈ విషయంలో నిజంగా ధనికురాలు. ఎల్చూరు, పురిమెట్ల, ఉప్పలపాడు, ఇలా అరుదైన క్షార శిలలు, అంటే సోడియం, పొటాషియం ఎక్కువున్న రాళ్లు, ఉన్న చోట్లు వరసగా ఉన్నాయి. 1989లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం ఈ ప్రాంతాన్నంతా కలిపి ప్రకాశం క్షార శిలా ప్రాంతమని పిలిచారు, ఆ పేరు ప్రపంచమంతా స్థిరపడింది. ఇక చీమకుర్తి సంగతి అందరికీ తెలిసిందే. గెలాక్సీ గ్రానైట్ అని మనం అమ్మేది నిజానికి గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే పైరాక్సిన్ స్ఫటికాలు. మాగ్మా గదిలో స్ఫటికాలు పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన రాతి సముదాయం అది. అలా పేరుకున్న రాళ్లే నాసా పెర్సెవరెన్స్ రోవర్‌కు అంగారకుడి జెజెరో బిలంలో, 2021లో, ఆలివిన్ రూపంలో దొరికాయి. ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఆ క్వారీ గోడల్లో ఒక మాగ్మా గది లోపలి భాగం కోసి పెట్టినట్టు కనబడుతుంది. చాలా దేశాల్లో విద్యార్థులకు ఇంత తాజా కోత చూసే వీలే లేదు.

ఇక్కడి రాళ్లు చూసి అక్కడి రాళ్లు నేర్చుకోవడం కొత్త పద్ధతేమీ కాదు. అపోలో-15 వ్యోమగాములకు లీ సిల్వర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని శాన్ గాబ్రియెల్ కొండల్లో అనార్థొసైట్ చూపించి మరీ శిక్షణ ఇచ్చారు. 1971 ఆగస్టు 1న డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ చంద్రుడి మీద ఒక తెల్లరాయిని చూడగానే గుర్తుపట్టగలిగారంటే ఆ శిక్షణే కారణం. జెనెసిస్ రాక్ అని పేరొచ్చిన ఆ రాయి బరువు 269 గ్రాములు. మన ఇస్రో కూడా ల్యాండర్, రోవర్ పరీక్షల కోసం చంద్రుడి మట్టి లాంటి మట్టి కావాల్సి వచ్చినప్పుడు తమిళనాడులోని సిత్తంపూండి నుంచి అనార్థొసైట్ తెప్పించి, టన్నుల కొద్దీ పొడి చేయించింది.

మరి మన పిల్లలు ఈ చదువులోకి ఎందుకు రారు? శ్రీహరికోట నిన్న మొన్నటి దాకా నెల్లూరు జిల్లాలోదే, 2022లోనే తిరుపతి జిల్లాకు వెళ్లింది. షార్‌లో రాకెట్ లేస్తే నెల్లూరులో మేడల మీదికి ఎక్కి చూస్తాం. కానీ అంతరిక్షం అనగానే మన ఇళ్లలో రాకెట్, రాకెట్ అనగానే ఎంపీసీ, ఎంసెట్, బీటెక్. అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. జియాలజీలో చేరతానన్న అమ్మాయితో ‘‘రాళ్లు చదివి ఏం చేస్తావమ్మా?’’ అని పెద్దవాళ్లు అడగడం నేను విన్నాను. వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది, ఇంటి ఖర్చులు, పెళ్లి, అన్నీ ఉంటాయి. అయినా ఆ ప్రశ్నకు గట్టి జవాబుంది. రాకెట్ మోసుకెళ్లేది పరికరాన్ని, పరికరం పంపేది అంకెల్ని. ఆ అంకెల్ని రాయిగా చదవగల మనిషి కావాలి. అలాంటివాళ్లు మన దేశంలో ఇంకా చాలా తక్కువ.

దారి ఎలా ఉంటుందో చెబుతాను. బీఎస్సీ, ఎమ్మెస్సీ జియాలజీకి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం మనకు దగ్గరివి. ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లూ ఈ రంగంలోకి రావచ్చు. ఆ తర్వాత నెట్, గేట్, జెస్ట్ లాంటి పరీక్షల్లో అర్హత సాధిస్తే పీఆర్ఎల్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరి పీహెచ్‌డీ చేయొచ్చు, ఫెలోషిప్ వస్తుంది కాబట్టి ఇంటి మీద భారం పడదు. తిరువనంతపురంలో అంతరిక్ష చదువుల సంస్థ ఐఐఎస్టీ, స్పేస్ ఫిజిక్స్ లాబొరేటరీ ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో యువికా అని వేసవి శిక్షణ నడుపుతుంది, పల్లెల పిల్లలకు అందులో ప్రాధాన్యం ఉంది. సర్కారు బడుల సార్లు, మేడమ్‌లు ఆ ప్రకటన మీద ఒక కన్నేసి ఉంచితే చాలు.

దీనికంటే పెద్ద అవకాశం ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చంద్రయాన్ డేటాను ఇస్రో ప్రదాన్ అనే పోర్టల్‌లో ఉచితంగా ఉంచింది, పేరు నమోదు చేసుకుంటే చాలు. చంద్రయాన్-2 కెమెరా 25 సెంటీమీటర్ల వివరంతో తీసిన చిత్రాలు, అదే ఆర్బిటర్‌లోని స్పెక్ట్రోమీటర్ (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి కొలిచే పరికరం) కొలతలు అందులో ఉన్నాయి. ఇక్కడే పసుపుగల్లు పనికొస్తుంది. పైరాక్సిన్ మీద కాంతి పడితే ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు), రెండు మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గర కొంత కాంతిని అది మింగేస్తుంది. కొద్దిగా ఇనుమున్న ప్లాజియోక్లేజ్ 1.25 మైక్రాన్ల దగ్గర మింగుతుంది. ఆ గుర్తుతోనే 2009లో జపాన్ కాగుయా నౌక, మన చంద్రయాన్-1 మీద వెళ్లిన నాసా పరికరం దాదాపు శుద్ధమైన అనార్థొసైట్‌ను చంద్రుడి మీద గుర్తించాయి. పైరాక్సిన్ కొద్దిగా కలిసినా ప్లాజియోక్లేజ్ గుర్తు దాని కింద కప్పబడిపోతుంది. ఎంత కలిస్తే ఎంత కప్పబడుతుందో తెలుసుకోవాలంటే భూమ్మీద దొరికే అసలు రాళ్లను, రకరకాల పాళ్లలో, ల్యాబ్‌లో కొలవాలి. పసుపుగల్లు, చీమకుర్తి రాళ్లు ఆ పనికి చక్కగా సరిపోతాయి. ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అంశం నాకు తోచదు.

కొత్త ఫలితాలు ఎంత త్వరగా పాత అంచనాల్ని మారుస్తున్నాయో చెప్పడానికి ఒకటి చాలు. విక్రమ్‌లోని చాస్టే అనే పరికరం మట్టిలోకి పది సెంటీమీటర్లు దిగి ఉష్ణోగ్రత కొలిచింది. దిగిన చోట పైన 82 డిగ్రీల సెల్సియస్ ఉంది, అనుకున్నదానికంటే ఎక్కువ. ఒక మీటరు అవతల, చదునైన చోట, 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంది. తేడాకు కారణం సూర్యుడి వైపు ఆరు డిగ్రీల వాలు మాత్రమే. అంత చిన్న వాలుకే ఇంత తేడా వస్తే, ధ్రువం వైపు పద్నాలుగు డిగ్రీలకు మించి వాలిన నేలల్లో కింద మంచు నిలవగలదని పీఆర్ఎల్ శాస్త్రవేత్తలు 2025లో లెక్క కట్టారు. మంచు కోసం చీకటి బిలాల్లోకే పోనక్కర్లేదన్నమాట.

నెల్లూరుకు ఆకాశం నుంచి నేరుగా వచ్చిన చుట్టం కూడా ఉంది. 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలో ఒక ఉల్క పడింది. ప్రపంచ ఉల్కల జాబితాలో ‘యాటూర్’ పేరుతో, సాధారణ కాండ్రైట్‌ (రాతి ఉల్కల్లో ఒక రకం)గా నమోదై ఉంది. అలాంటి రాళ్లు సౌరకుటుంబం పుట్టిననాటివి, వాటి వయసు 450 కోట్ల ఏళ్ల పైమాటే. పొలంలో, క్వారీలో నల్లగా కాలిన పెంకుతో, అయస్కాంతానికి అంటుకునే బరువైన రాయి ఎవరికైనా దొరికితే పగలగొట్టకుండా జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తెలియజేయాలి. మన దేశంలో ఉల్కలను భద్రపరిచే బాధ్యత వాళ్లదే.

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం చంద్రయాన్-4ను ఆమోదించింది. 2,104 కోట్ల రూపాయల పథకం, చంద్రుడి రాళ్లను మన దేశానికి తేవడమే దాని పని. అంతరిక్షంలో రెండు నౌకలు కలుసుకోవడం దీనికి తప్పనిసరి. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ ప్రయోగం ఆ అనుసంధానాన్ని చేసి చూపించింది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలు పరిశోధనకు వచ్చే నాటికి ఆ రాళ్లు మన ల్యాబుల్లో ఉండే అవకాశం ఉంది. ఈలోగా చీమకుర్తి, ముండ్లమూరు వైపు కాలేజీలు చేయగల పని ఒకటుంది. క్వారీలో వేస్ట్ డంపుల్లోకి పోయే ముక్కల్లోంచి ఒక్కో రకం పిడికెడంత తీసి, ఏ గోతిలో, ఏ లోతున, ఏ తేదీన దొరికిందో చీటీ మీద రాసి, జీపీఎస్ అంకెలతో సహా ఒక బీరువాలో పెట్టాలి. మేస్త్రీలను అడిగితే ఏ పొరలో చుక్క పెద్దది, ఏ పొరలో రాయి తెల్లబారుతుందో వాళ్లే చెబుతారు. ఆ మాట కూడా చీటీలో రాయాలి. పీఆర్ఎల్ లాంటి చోట స్పెక్ట్రోమీటర్ ముందు ఆ రాయి పెట్టే విద్యార్థి మొదట అడిగేది ఆ చీటీనే.