అంటరానితనంపై ఫిర్యాదు: బెజవాడ సభ నుంచి చుండూరు కోర్టు దాకా

గుంటూరు కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పింఛన్లు, పాసు పుస్తకాలు, ఇళ్ల స్థలాల అర్జీలతోపాటు గుడిలోకి రానివ్వలేదనో, శ్మశానానికి దారి ఇవ్వడం లేదనో, ఎదురు చెప్పినందుకు పనికి పిలవడం మానేశారనో చెప్పే అర్జీలు కూడా వస్తుంటాయి. వరుసలో నిలబడి ఇచ్చేటప్పుడు అన్నీ ఒకే రకం కాగితాల్లా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం పింఛను అర్జీ ఒక వినతి, అంటరానితనంపై ఇచ్చే అర్జీ నేరం జరిగిందన్న సమాచారం. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడి సమస్య తీరిపోయిందని దానిని ముగించే అధికారం ఏ వేదికకూ లేదు. అది పోలీసు స్టేషనుకు చేరి కేసుగా నమోదు కావలసిందే. ఈ మాట చట్టంలోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది, ఆ కాలంలో పెద్ద భాగం కృష్ణా, గుంటూరు సీమలోనే గడిచింది.

1917 నవంబరులో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. నాలుగు వర్ణాల వెలుపల ఉంచిన కులాలవారిని అప్పట్లో పంచములనేవారు. తమను పంచములని కాక ఆది ఆంధ్రులని పిలవాలని తీర్మానించిన సభ ఇదే. బడులు, బావులు, స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం గురించి కూడా అక్కడ ప్రభుత్వాన్ని అడిగారు. ఆ సభకు వచ్చినవారు ఎక్కడ లోపలికి వస్తారోనన్న భయంతో కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసివేశారని ఆ కాలపు దళిత ఉద్యమాన్ని పరిశీలించిన చరిత్రకారులు రాశారు. అప్పటికి గుడి తలుపు మూయడం నేరం కాదు, కాబట్టి ఫిర్యాదు చేసేందుకు చోటు కూడా లేదు.

ఈ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి గనుక తరువాతి అడుగులు మద్రాసు శాసనసభ నుంచి వచ్చాయి. ప్రభుత్వ రోడ్లు, బావులు, కార్యాలయాలు అందరివీ అని ప్రకటించాలన్న దళిత నాయకుడు రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానాన్ని శాసనమండలి 1924లో ఆమోదించింది. మరో దళిత నాయకుడు ఎం.సి. రాజా చొరవతో 1938లో పౌర ప్రతిబంధకాల తొలగింపు చట్టం వచ్చింది. ఆ తరువాత 1947లో దేవాలయ ప్రవేశ చట్టం వచ్చింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిన తరువాత, దానిని అమలు చేసేందుకు పార్లమెంటు 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం చేసింది. గుడి, హోటలు, బావి, ఆసుపత్రి, దుకాణం దగ్గర అడ్డుకోవడం ఈ చట్టంతో శిక్షార్హమైంది. అంటరానితనం రద్దు వల్ల దక్కిన హక్కును వాడుకున్నవారిని బహిష్కరించడం కూడా నేరమేనని అందులో ఉంది.

అయితే ఆ చట్టం కింద కోర్టు అనుమతితో రాజీకి వీలుండేది. ఆ వీలు ఉన్నంతకాలం కూలికి వెళ్లే పొలం, అప్పు పుట్టే ఇల్లు, నీళ్లు తెచ్చుకునే దారి అన్నీ ఎదుటి పక్షం చేతిలో ఉన్న మనిషి చేత ఫిర్యాదు వెనక్కి తీయించడం ఊరి పెద్దలకు ఏమంత కష్టం కాదు. అంటరానితనంపై కేంద్రం వేసిన ఇళయపెరుమాళ్ కమిటీ 1969లో నివేదిక ఇచ్చాక, 1976 నవంబరు 19 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో ఇది పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. రాజీకి వీలు పోయింది, కనీస శిక్ష వచ్చింది. ఈ నేరాల దర్యాప్తును కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగి ఆ నేరానికి తోడ్పడినట్టే పరిగణించాలన్న వివరణ కూడా అప్పుడే చేరింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే అంతవరకు చట్టం అడ్డుకున్నవాడినే చూసింది, ఇక్కడ మొదటిసారి ఫిర్యాదు అందుకున్నవాడిని కూడా చూసింది. కాగితం మీదైతే చూసింది.

1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్లు కడగడాన్ని వారించడంతో రేగిన గొడవ అది. నీటిని పాడుచేయవద్దన్న మాటకు ప్రతీకారం హత్యల దాకా వెళ్లినప్పుడు నెలల జైలు, వందల్లో జరిమానా ఉన్న చట్టం దేనికి పనికివస్తుంది? చీరాలకు తరలివచ్చిన బాధితుల శిబిరంలో నిలబడి కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు దళిత మహాసభను నిర్మించారు. దేశంలో మరికొన్ని చోట్ల జరిగిన మారణకాండలతోపాటు ఈ ఉద్యమం తెచ్చిన ఒత్తిడి కూడా 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) వెనుక ఉంది. ఆ చట్టం 1990 జనవరి 30న అమలులోకి వచ్చింది.

దాని కింద నియమాలు మాత్రం 1995 మార్చి 31 దాకా రాలేదు. ఈ ఐదేళ్ల ఖాళీ మధ్యలోనే అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో మారణకాండ జరిగింది. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి దళితుల సాంఘిక బహిష్కారంగా మారింది, ఆ తరువాత ఊళ్లో పోలీసులు ఉండగానే 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. హత్యలకు ముందు నడిచిన బహిష్కారమే ఒక నేరం అన్న సంగతి గుర్తుంచుకోవాలి. దానిని వెంటనే కేసుగా తీసుకోవలసిన యంత్రాంగం శాంతిభద్రతల సమస్యగానే చూసింది. బాధితులు జిల్లా కేంద్రానికి వెళ్లి సాక్ష్యం చెప్పేందుకు ఒప్పుకోక, విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు ఏర్పడింది. విచారణ 2004లో గాని మొదలు కాలేదు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధిస్తూ తీర్పు వెలువడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది, అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఇన్నేళ్లూ కోర్టు మెట్లెక్కిన సాక్షులు ఆ ఊళ్లోనే, నిందితుల మధ్యనే బతికారు.

ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవారు రాసినట్టుగా ఉంటాయి 1995 నియమాలు. స్టేషన్ అధికారి కేసు నమోదు చేయకపోతే ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా పోస్టులో జిల్లా ఎస్పీకి పంపవచ్చు. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. బాధితులకు తక్షణ సాయం అందే ఏర్పాటు జరగాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చుని కేసుల స్థితిని చూడాలి. 2016 జనవరి 26 నుంచి అమలైన అట్రాసిటీ చట్ట సవరణ మరింత లోతుకు వెళ్లింది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న అధికారి సంతకం తీసుకునే ముందు దానిని చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఈ పనులను కావాలని చేయని ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు, కాని ఆ అభియోగానికి ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలి. ఉద్యోగిపై విచారణ ఉద్యోగులే జరపాలి గనుక ఈ సెక్షన్ పదును అక్కడే తగ్గిపోతోందని నా అభిప్రాయం.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపవచ్చని, అరెస్టుకు పైఅధికారి ఆమోదం కావాలని తీర్పు చెప్పినప్పుడు దళిత సంఘాలు ఏప్రిల్ 2న భారత్ బంద్ చేసింది కూడా ఈ అనుభవంతోనే. నమోదుకు ముందు విచారణ అంటే, ఫిర్యాదు చేసినవాడు ఊళ్లో ఒంటరిగా ఒత్తిడిని తట్టుకోవలసిన రోజులు పెరగడమే. పార్లమెంటు అదే ఏడాది చట్టంలో 18ఎ సెక్షన్ చేర్చి ఆ రెండు షరతులనూ తొలగించింది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది.

జిల్లాల పునర్విభజన తరువాత, 2022 ఏప్రిల్ నుంచి కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. ఆ ఊళ్ల నుంచి వచ్చే ఫిర్యాదులను ఇప్పుడు గుంటూరు, ఒంగోలు కాక బాపట్ల కమిటీ చూడాలి. విజయవాడవి ఎన్టీఆర్ జిల్లా కమిటీకి చేరాలి. ప్రతి నెలా 30న గ్రామాల్లో రెవెన్యూ, పోలీసు అధికారులు జరిపే పౌరహక్కుల దినం, 14566 నంబరు హెల్ప్‌లైన్ కూడా ఉన్నాయి. ఎక్కడ ఇచ్చినా తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవడం ముఖ్యం, ఎందుకంటే నిర్లక్ష్యం జరిగిందని తరువాత చూపించేందుకు చాలాసార్లు చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఈ ప్రాంతంలో తేలని ప్రశ్న ఇంకొకటి ఉంది. మాల, మాదిగ కుటుంబాల్లో చాలామంది తరాలుగా చర్చికి వెళుతున్నారు, కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల్లోకి వస్తారు. గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్ 30న ఈ కారణంతోనే కొట్టివేసింది. మతం మారినా ఊళ్లో పేట మారని మనిషికి ఆ చట్టం తలుపు ఇలా మూసుకుపోతోంది. పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారిన 1955 చట్టంలో గుడి, హోటలు, బావి వంటి చోట్ల అడ్డుకోవడాన్ని శిక్షించే సెక్షన్లు మాత్రం అంటరానితనం కారణంగా ‘ఏ వ్యక్తినైనా’ అడ్డుకోవడం గురించి మాట్లాడతాయి, బాధితుడు షెడ్యూల్డ్ కులంవాడై ఉండాలన్న షరతు వాటిలో లేదు. అట్రాసిటీ చట్టం వచ్చాక దాదాపు పక్కన పెట్టేసిన ఆ పాత చట్టాన్ని ఈ కుటుంబాల కోసం స్టేషన్లలోనూ న్యాయవాదుల కార్యాలయాల్లోనూ మళ్లీ తెరిచి చదవవలసి ఉంది.