వీపు మీద చిన్న గీత

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

నా వీపు మీద గీత చూసి "ఇంత చిన్న కన్నంలోంచి వెన్నెముకకి ఆపరేషన్ ఎలా చేశారు?" అని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

వెన్ను ఒకే ఎముక కాదు. మెడ నుంచి నడుము దాకా 24 పూసలు. వాటి మధ్య మెత్తలాంటి డిస్కులు. డిస్కుకి బయట గట్టి పొరల చుట్టు, లోపల జిగురు గుజ్జు. ఆ చుట్టు చిరిగి గుజ్జు బయటికొస్తే పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నాకు నొక్కింది నడుములో, నొప్పి మాత్రం పిక్కలో! ఆ నరం వెళ్ళేది అక్కడికే మరి.

పాత పద్ధతిలో వీపు పొడుగ్గా కోసి, కండల్ని ఎముక నుంచి ఊడదీసి పక్కకి లాగి పట్టేవారు. ఆ కండలు కోలుకోవడానికే రోజులు పట్టేది. 1970ల్లో మైక్రోస్కోపుతో చేయడం మొదలయ్యాక కోత చిన్నదైంది. 1990ల్లో గొట్టాలొచ్చాయి. ముందు సన్నని గొట్టం దించి, దాని మీద కాస్త లావుది, ఆపైన ఇంకాస్త లావుది తొడుగుతారు. పాపిడి తీస్తే వెంట్రుకలు తెగకుండా ఎలా విడిపోతాయో, కండ పోగులూ అలా దారిస్తాయి. చివరి గొట్టంలోంచే నరాన్ని నొక్కుతున్న గుజ్జు తీసేస్తారు. గొట్టం తీస్తే కండ పోగులు మళ్ళీ దగ్గరికొస్తాయి. నాకు చేసింది ఇదే. గీత 2 సెంటీమీటర్లు.

ఎండోస్కోపీలో అయితే కోత సెంటీమీటరు కూడా ఉండదు. సన్నని కెమెరా దించి, ఉప్పునీళ్ళు పారిస్తూ తెర మీద చూస్తూ చేస్తారు. కొందరికి మెలకువలోనే చేస్తారు, నరానికి తగిలితే వెంటనే చెబుతారని. పూస జారినవాళ్ళకి ఎక్స్-రే చూసుకుంటూ చిన్న గాట్లలోంచే స్క్రూలు బిగిస్తారు. ఎముక గుల్లబారి పూస నలిగితే సూదితో సిమెంటు ఎక్కిస్తారు. ఇల్లు కట్టే సిమెంటు కాదులే!

కానీ కోత చిన్నదైతే ఆపరేషన్ చిన్నదని కాదు. లోపల నరం పక్కన చేసే పని అదే. నరాల చుట్టూ ఉన్న పొర చిరగొచ్చు, చీము పట్టొచ్చు, అదే డిస్కు మళ్ళీ జారొచ్చు. చిన్న కోతతో మేలు ముఖ్యంగా మొదటి వారాల్లో. ఏడాది గడిచాక కాలి నొప్పి పెద్ద కోతవాళ్ళకీ, చిన్న కోతవాళ్ళకీ దాదాపు ఒకేలా తగ్గి ఉంటుంది. నేనూ డాక్టరుగారిని మొదట కోత ఎంతనే అడిగాను. ఆయన నవ్వి, "స్కాన్‌లో నొక్కుకున్న నరమూ, మీ కాలు లాగే నరమూ ఒకటేనా అని అడగండి ముందు" అన్నారు.

చాలామందికి ఈ నొప్పి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే, మందులతో, వ్యాయామంతో తగ్గుతుంది. నాకు 3 నెలలు ఆగినా తగ్గలేదు. అయితే మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం ఈడ్చుకుపోతున్నా ఆగకూడదు, ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆపరేషనైన సాయంత్రమే లేపి నడిపించారు. 6 వారాలు వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. చిన్నా, ఆ సెలవుల్లో ఎత్తుకోలేదని నువ్వు నాతో రెండు రోజులు మాట్లాడలేదు చూడు, అందుకేరా.

మీ తాతయ్య