కుక్కపిల్లకు తొలి పదహారు వారాలు

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు మొదటి వారంలోనే ఒకదానికొకటి పొసగని రెండు సలహాలు అందుతాయి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో కాలు పెట్టనివ్వకండి అంటాడు డాక్టరు. ఇప్పుడే నలుగురిలో తిప్పండి, లేకపోతే పెద్దయ్యాక పిరికిదై అందరి మీదికీ లేస్తుంది అంటాడు కుక్కలకు శిక్షణ ఇచ్చేవాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కల్లా ఆ రెండు పనులకూ గడువు ఒకేసారి, అంటే 6 నుంచి 16 వారాల వయసు మధ్యే పడటం. మనవాళ్లు మామూలుగా డాక్టరు మాటనే పట్టుకుంటారు, దాన్నీ సగమే పాటిస్తారు. దాంతో జబ్బూ తప్పదు, పిరికితనమూ తప్పదు.

ముందు జబ్బు సంగతి. అప్పుడే పుట్టిన పిల్లకు సొంత రోగనిరోధక శక్తి ఉండీ లేనట్టే. మొదటి రోజు తాగిన ముర్రుపాలలోని తల్లి యాంటీబాడీలు, అంటే రోగాన్ని ఎదిరించే పదార్థాలు, పేగు గోడ దాటి దాని రక్తంలో కలుస్తాయి. ఒక రోజు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అలా అందిన సొత్తు సుమారు 10 రోజులకోసారి సగానికి సగం కరిగిపోతుంటుంది. అవి దండిగా ఉన్నంతకాలం బయటి నుంచి వచ్చే వైరస్‌నూ ఆపుతాయి, టీకాలో ఉండే నీరసపరిచిన వైరస్‌నూ ఆపుతాయి. అంటే టీకా వేసినా వేయనట్టే. తగ్గుతూ తగ్గుతూ ఒక దశకు వస్తాయి: అసలు రోగాన్ని ఆపే సత్తా ఉండదు, టీకాను చెడగొట్టే సత్తా మాత్రం మిగిలి ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చేది ఈ సందులోనే. అది ఎప్పుడు మొదలవుతుందన్నది తల్లి రక్తంలో ఎన్ని యాంటీబాడీలు ఉన్నాయి, పిల్ల ఎంత తాగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు కూడా తలా ఒక లెక్క.

అందుకే 6–8 వారాలకు మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకొకటి చొప్పున వేస్తూ, ఆఖరి డోసు 16 వారాలు నిండాక వేయాలి. ఇవన్నీ బలం పెంచడానికి వేసే బూస్టర్లని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏదో ఒకటి తగలకపోతుందా అని వేసే బాణాలవి. రెండు డోసులతో, పన్నెండో వారానికే టీకా కార్డు మూసేసిన ఇంట్లో నాలుగో నెలలో పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు వస్తే అందులో వింతేమీ లేదు. అప్పటిదాకా వేసిన బాణాలు రెండూ తల్లి యాంటీబాడీలకే తగిలి ఉండవచ్చు.

పార్వో 1978లో బయటపడింది. పిల్లులకు వచ్చే ఒక వైరస్‌కు దగ్గరి చుట్టం. రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచమంతా పాకింది. వేగంగా విభజన చెందే కణాలంటే దానికి ఇష్టం. పిల్లలో అలాంటివి పేగు లోపలి పొరలోనూ, ఎముక మూలుగలోనూ ఉంటాయి. అందుకే ఒకపక్క పేగు పొర ఊడి నెత్తుటి విరేచనాలు, మరోపక్క తెల్లకణాలు పడిపోవడం. వైరస్ సోకిన మూడు నుంచి ఏడు రోజులకు లక్షణాలు కనిపిస్తాయి. సంతలోనో దుకాణంలోనో కొన్న పిల్ల ఇంటికొచ్చిన అయిదో రోజున ముడుచుకుని పడుకుని, గిన్నె వైపు చూడకుండా, నురగ కక్కుకుంటే కొత్త చోటు కాబట్టి బెంగ పెట్టుకుందని సరిపెట్టుకోవద్దు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సెలైను, వాంతులు ఆగే మందులు త్వరగా అందితే చాలా పిల్లలు బతుకుతాయి. వాంతులవుతున్న పిల్లకు ఇంట్లో చెంచాతో మజ్జిగ పోస్తూ రెండు రోజులు చూద్దామనుకుంటే చేతికి దక్కదు.

ఈ వైరస్‌కు కొవ్వు పొర లేదు. కొవ్వును కరిగించి సూక్ష్మజీవులను చంపే స్పిరిటు, సబ్బు దీన్నేమీ చేయలేవు, ఫినాయిలును నమ్ముకోవడానికీ లేదు. నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. బట్టలకు వాడే ద్రవ బ్లీచ్ ఒక పాలుకు 30 పాళ్ల నీళ్లు కలిపి, ముందే శుభ్రంగా కడిగిన గచ్చు మీద పోసి 10 నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. మురికి ఉన్నచోట బ్లీచ్ పనిచేయదు, కాబట్టి కడగడం ముందు. పార్వోతో ఒక పిల్ల పోయిన ఇంట్లోకి ఏడాది లోపు ఇంకో చిన్నపిల్లను తేకపోవడమే మంచిది. తెస్తే టీకాలు పూర్తయిన పెద్దదాన్ని తెచ్చుకోవాలి.

అమ్మేవాడు చూపించే టీకా కార్డును కాస్త నిదానంగా చూడండి. టీకా సీసాకు అంటించి ఉండే చిన్న స్టిక్కరును డాక్టరు ఒలిచి కార్డులో అతికిస్తాడు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి, పక్కన సంతకం, ముద్ర. స్టిక్కరు లేకుండా పెన్నుతో ‘నైన్ ఇన్ వన్ (పలు జబ్బులకు కలిపి వేసే టీకా) అయింది’ అని రాసి ఉంటే కానట్టే లెక్క. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు పోయే దుకాణంలో కూల్‌డ్రింకుల మధ్య నిలవున్న సీసాతో పొడిచింది సూది గుచ్చడమే, టీకా కాదు.

వయసు విషయంలోనూ మోసం మామూలే. మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017 నాటి నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు, ఎందుకంటే చిన్నదైతే ముద్దుగా ఉంటుంది, తొందరగా అమ్ముడుపోతుంది. నోరు తెరిచి చూస్తే కొంత తెలిసిపోతుంది. పాలపళ్లు మొత్తం 28. కోరలూ ముందు పళ్లూ మూడో వారం నుంచి చిగురు చీల్చుకుని వస్తాయి, వెనక దవడ పళ్లు ఆ తర్వాత. ఎనిమిది వారాలకల్లా దాదాపు అన్నీ వచ్చేస్తాయి. వెనక చిగుళ్లు ఇంకా బోసిగా ఉంటే అది రెండు నెలల పిల్ల కాదు. బక్క ఒళ్లు, డోలులాంటి పొట్ట ఉంటే నట్టలు నిండి ఉన్నట్టు. కుక్కల్లో ఏలికపాములు తల్లి గర్భంలోనే పిల్లలకు చేరతాయి, అందుకే రెండో వారం నుంచి 8 వారాల దాకా పదిహేను రోజులకోసారి, ఆపైన ఆరు నెలల వరకు నెలకోసారి నట్టల మందు పడాలి. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. తూచకుండా అంచనాగా పోయొద్దు.

తొందరపడి విడదీస్తే ఇంకో నష్టం ఉంది. పంటి పట్టు ఎంత బిగిస్తే అవతలివాడికి నొప్పో పిల్ల తెలుసుకునేది తోబుట్టువులతో కుస్తీ పట్టేటప్పుడే. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. అయిదో వారంలోనే ఒంటరిదైన పిల్లకు ఈ పాఠం దొరకదు.

ఇక రెండో గడువు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే ఊళ్లోని జాక్సన్ ప్రయోగశాలలో 1961లో ఒక పరిశోధన ఫలితాలు వెలువరించారు. ఎత్తైన కంచె కట్టిన ఎకరా స్థలంలో కుక్కపిల్లలను మనిషి కంటపడకుండా పెంచారు. కొన్నిటిని మూడో వారంలో, కొన్నిటిని అయిదు, ఏడు, తొమ్మిదో వారాల్లో ఒక్క వారం పాటు బయటికి తెచ్చి మనుషుల మధ్య ఉంచారు. పద్నాలుగు వారాల దాకా మనిషినే ఎరగని పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యాయి. తర్వాత ఎంత మచ్చిక చేసినా పెద్దగా మార్పు రాలేదు. ఏడో వారం ప్రాంతంలో ఒక్క వారం మనుషుల దగ్గరున్నవి మాత్రం మామూలు పెంపుడు కుక్కల్లాగే చనువుగా ఉన్నాయి. అయిదో వారం నుంచి పిల్లలో కొత్తదంటే భయం మొలకెత్తి, 12–14 వారాలకు కుతూహలాన్ని మించిపోతుంది. ఆ లోపు చూసింది, విన్నది, తొక్కింది అన్నీ దాని లోకంలో మామూలు వస్తువులు. చూడనివి అనుమానించాల్సినవి.

పదహారు వారాలు గదిలో బంధిస్తే ఏం జరుగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం మొదటి టీకా పడిన వారం రోజుల తర్వాత నుంచే పిల్లను బయటి ప్రపంచానికి పరిచయం చేయమంటుంది. మన ఊళ్లకు ఈ సలహాను యథాతథంగా దించుకోకూడదు, ఎందుకంటే మన వీధిలో టీకా లేని కుక్కల మలం ఎక్కడైనా ఉంటుంది. ఇక్కడ పాటించాల్సిన సూత్రం చిన్నది: లోకాన్ని చూపించాలి, నేల తాకనివ్వకూడదు.

సంచిలోనో చంకలోనో వేసుకుని సాయంత్రం పావుగంట వీధి చివర నిలబడితే చాలు. ఆటోలు, హెల్మెట్టు పెట్టుకున్నవాళ్లు, బురఖాలు, గడ్డాలు, చేతికర్రతో నడిచే తాతగారు, పరుగెత్తే పిల్లలు, గేదెలు. ఒక్కొక్కటి కనిపించినప్పుడల్లా శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టాలి. పిల్ల ముక్క తింటోందా లేదా అన్నదే మీటరు. ఆకలి మీదున్న పిల్ల ముక్కను వద్దంటే, పెదాలు నాక్కుంటే, మాటిమాటికీ ఆవులిస్తే, తోక కడుపు కిందికి పోతే భయపడుతున్నట్టు. అప్పుడు ధైర్యం నేర్పాలని ఇంకా దగ్గరికి తీసుకెళ్లడం పెద్ద తప్పు. పది గజాలు వెనక్కి రావాలి. ఆసుపత్రిలోనూ ఒళ్లోనే ఉంచుకోండి, ఆ గచ్చు మీద అన్ని జబ్బుల కుక్కలూ నడిచి ఉంటాయి. టీకాలన్నీ అయిన చుట్టాల కుక్క ఉంటే దాని ఇంటికి తీసుకెళ్లవచ్చు.

ఇంట్లోనూ పని ఉంది. కుక్కర్ విజిల్, మిక్సీ, సిలిండరు దొర్లే చప్పుడు, నున్నటి గ్రానైటు, మెట్లు. టపాకాయల సంగతి ప్రత్యేకం. దీపావళికి మంచం కిందికి దూరి వణికే కుక్కలు మన ఊళ్లలో లెక్కలేనన్ని, దాన్ని కుక్క స్వభావమని వదిలేస్తాం. ఫోనులో టపాకాయల రికార్డింగు వినీ వినపడనంత తక్కువలో, అన్నం పెట్టే సమయంలో పెట్టండి. తినడం ఆపకపోతే రెండు రోజులకోసారి ఒక గీత పెంచండి. ఆపితే రెండు గీతలు తగ్గించండి. మూడు నాలుగు వారాలు పడుతుంది, తొందరపడితే మొదటికే మోసం.

ఇంట్లో ఉచ్చ పోసిందని ముక్కును అందులో రుద్దేవాళ్లున్నారు. పిల్ల తన పనికీ శిక్షకూ ముడి పెట్టుకోవాలంటే రెండూ సెకన్ల తేడాలో జరగాలి. అయిదు నిమిషాల తర్వాత కొడితే అది నేర్చుకునేది ఒక్కటే: మీ కంటపడకుండా సోఫా వెనక కానివ్వడం. నిద్ర లేచిన వెంటనే, ఆట ఆగిన వెంటనే, తిన్న పావుగంటకు ఎంచుకున్న ఒకే చోటికి తీసుకెళ్లి, పని అవుతుండగానే మెచ్చుకుని ముక్క ఇవ్వాలి. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు గంటలకు మించి ఆపుకోలేదు.

తిండి విషయంలో వాదులాట ఎక్కువ. కుక్కకు అన్నం పడదనేది అపోహ. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు నకళ్లు చాలా ఎక్కువని 2013లో తేలింది. పెరుగన్నం తప్పు కాదు, పెరుగన్నమే పెట్టడం తప్పు. పెరిగే పిల్లకు అందులో మాంసకృత్తులు చాలవు. అన్నం, బోన్‌లెస్ చికెన్ మాత్రమే పెడితే కాల్షియం కరువై కాళ్లు వంకర పోతాయి. దీనికి విరుగుడుగా డబ్బా పప్పీ ఫుడ్ పెడుతూనే పైన కాల్షియం టానిక్కు పోసే అలవాటు మనకు విపరీతం. ఆరు నెలల లోపు పిల్ల పేగు అక్కర్లేని కాల్షియాన్ని ఆపలేదు, వచ్చింది వచ్చినట్టు పీల్చుకుంటుంది. రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్‌లాంటి పెద్ద జాతుల్లో ఎముకలు, కీళ్లు చెడటానికి అదీ ఒక కారణం. ఇంట్లోని కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి ఎర్రకణాలను పగలగొడతాయి. జ్వరమొస్తే మన పారాసిటమాల్ వేయడం అంతకన్నా ప్రమాదం.

రేబిస్ టీకా 12 వారాలు నిండాక, మళ్లీ ఏడాదికి. అప్పటిదాకా పాలపళ్లతో గీరినా ‘పిల్లే కదా’ అనుకోకుండా సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కపిల్లలకూ రేబిస్ వస్తుంది.

పదహారో వారం డోసు పడి ఇంకో రెండు వారాలు గడిచాక పిల్లను రోడ్డు మీద నడిపించవచ్చు. వేసవైతే బయల్దేరే ముందు అరచేతి వెనుక భాగాన్ని తారు మీద ఆనించి చూడండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు దాని పాదాలకూ కాలుతుంది. మర్నాడు తెల్లవారుజామున వెళ్లండి.